అనుభవం ఎన్నేళ్లు?

మేం ముగ్గురం. ఒకడిది అప్పటి కడప జిల్లా రాయచోటి. ఒకడిది గుంటూరు జిల్లాలో ఒక పత్తి ఊరు. ఒకామెది నిజామాబాదు జిల్లాలో బీడీలు చుట్టే వాడ. 2004లో హైదరాబాదులో ఒకే తరగతి గదిలో కలిశాం. చదువు అంతర్జాతీయ సంబంధాలు, ఎం.ఏ. ముగ్గురమూ ముస్లింలమే. ముగ్గురి ఇళ్లలోనూ అంతదాకా చదివింది మేమే మొదలు.

ఇప్పుడు నలభై దాటాం. మొహల్లాలో డిగ్రీ అయిన పిల్లలు ఈ మధ్య ఫోన్ చేసి అడుగుతున్నారు: "భాయ్, ఈ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుందా?" ఆడపిల్లలు మాలోని ఆపాని అడిగేటప్పుడు ఇంకో మాట కలుపుతారు: "మనోళ్లకి ఇస్తారా ఆపా?" మొదటి ప్రశ్నకి ఏ కోచింగ్ సెంటరువాడైనా జవాబు చెబుతాడు. రెండో ప్రశ్న కోసమే మేం ఇది రాస్తున్నాం.

ఈ సబ్జెక్టు మాకు క్లాసులో మొదలవలేదు. రాయచోటి వాడికి 1990 ఆగస్టులో మొదలైంది. అప్పటికి వాడికి ఏడేళ్లు. వాళ్ల ఖాలా కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో పనికి ఉండేది. ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగింది. ఆ వీధిలో నాలుగిళ్లకొకరు అక్కడే ఉన్నారు. రేడియో ఉన్న ఇంటి అరుగు మీద రాత్రీ పగలూ జనం. బాగ్దాద్, బస్రా, అమ్మాన్ అనే పేర్లు వాడు ఆ అరుగు మీదే నేర్చుకున్నాడు. బడిలో అప్పటికి జిల్లా పటం కూడా చూపించలేదు. ఖాలా ఇరాక్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ చేరి, డేరాల్లో పడి ఉండి, చివరికి అమ్మాన్‌లో విమానం ఎక్కి బొంబాయిలో దిగింది. చేతిలో ఒక గుడ్డసంచి, అంతే. ఏళ్ల తరబడి దాచుకున్న దినార్లు అక్కడే పోయాయి.

ఎం.ఏ.లో ఇదే సంగతి మాకు అరపేజీ వచ్చింది. విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాంను కలవడం, ఎయిరిండియా 59 రోజుల్లో 488 విమానాలు నడపడం, లక్ష మందికి పైగా ఇల్లు చేరడం. తర్వాత 1991లో భద్రతా మండలి 687వ తీర్మానం. దాని కింద జెనీవాలో ఒక నష్టపరిహార కమిషన్ పెట్టి, ఇరాక్ చమురు డబ్బులో కొంత కోసి బాధితులకిచ్చారు. 2022లో ఆఖరి చెల్లింపు జరిగేటప్పటికి మొత్తం 5,240 కోట్ల డాలర్లయింది. మేష్టారు ఆ తీర్మానం నంబరు బోర్డు మీద రాస్తుంటే రాయచోటి వాడు మా వైపు వంగి, "ఇది మా ఖాలా ఇంటి స్లాబురా" అన్నాడు. నిజమే. 90ల చివర్లో ఆ పరిహారం డబ్బుతోనే ఆమె ఇంటికి స్లాబు పడింది. ఆ ఫారం నింపించుకోవడానికి ఊళ్లో ఒక గుమస్తా చుట్టూ ఆమె ఎన్నిసార్లు తిరిగిందో మా పాఠ్యపుస్తకంలో లేదు.

నిజామాబాదు అమ్మాయి ఇంట్లో అమ్మీ బీడీలు చుట్టేది. చాచా సౌదీలో ఉండేవాడు. రాయడం రాని ఇళ్లవాళ్లు క్యాసెట్టులో మాట్లాడి, తెలిసినవాళ్ల చేతికిచ్చి అరబ్బుకి పంపేవాళ్లు. వాడలో ఎవరికి వీసా కాగితం వచ్చినా చదవాల్సింది ఈ పిల్లే. "డ్రైవరని ఉందా, గొర్రెల కాపరని ఉందా చూడు బేటీ" అని అడిగేవాళ్లు. డ్రైవరని చెప్పి గొర్రెలు కాయించిన కథలు ఆ వాడలో చాలా ఉన్నాయి. తొమ్మిదో తరగతి పిల్ల వేలు పెట్టి ఆ ఒక్క మాట వెతికేది. దాన్ని ఎవరూ పని అనలేదు. అనుభవం అని అసలే అనలేదు.

గుంటూరు వాడిది వేరే కథ. వాడు దూదేకుల. నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట లేదు. సూరాలు కూడా తెలుగు లిపిలో రాసుకుని కంఠతా పట్టాడు. అరబ్బుకి పోయిన చుట్టమే లేడు. వాడికి పరదేశంతో మొదటి సంబంధం క్రికెట్ మ్యాచ్ కలిపింది. పాకిస్తాన్ గెలిచిన మర్నాడు బళ్లో పక్కబెంచీవాడు, "మీవాళ్లు గెలిచార్రా" అన్నాడు. మావాళ్లంటే ఎవరు? పరుపు కుట్టించుకున్న షావుకారు డబ్బు ఎగ్గొడితే అడగలేని నాన్న తప్ప వాడికి వేరే మావాళ్లు తెలియదు.

ఇలా ముగ్గురం మూడు దారుల్లో వచ్చి ఆ క్లాసులో కూర్చున్నాం. సిమ్లా ఒప్పందం పాఠం రోజున ముందు వరుసలోంచి రెండు మూడు తలలు మా వైపు తిరిగాయి. శత్రుత్వం కాదు. మేం ఏమంటామో అన్న కుతూహలం. మేం ఏమీ అనలేదు. నోట్సు రాసుకున్నాం. కానీ 1972 నాటి ఒప్పందానికి మా ముఖాల్లో సంజాయిషీ వెతికారని మాత్రం తెలిసింది.

డిసర్టేషన్ సమయం వచ్చింది. గుంటూరు వాడు పత్తి మీద రాస్తానన్నాడు. అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీల మీద బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసింది. 2004లో, 2005లో తీర్పులు బ్రెజిల్‌కి అనుకూలంగా వచ్చాయి. పత్తి ఊరిలో పుట్టి, దూది పీల్చి పెరిగినవాడికి అంతకంటే సొంత విషయం ఏముంటుంది? గైడు నవ్వి, "అది ఎవరైనా చేస్తారయ్యా. నువ్వు ఇస్లామిక్ దేశాల సంస్థ తీసుకో. మీకు భాష తెలుసు, మనుషులు తెలుసు, మార్కెట్ ఉంటుంది" అన్నారు. "నాకు ఉర్దూ రాదు సార్" అంటే ఆయన నమ్మలేదు. ఆయన చెడ్డవాడు కాదు. మా మేలు కోరే అన్నాడు. ఎదురు చెప్పడానికి వీల్లేకుండా చేసింది ఆ మేలుకోరడమే. నెలరోజులు తిరిగి, చివరికి పత్తికే సంతకం పెట్టించుకున్నాడు మావాడు.

ఇక్కడ ఒక చిక్కుంది. మా ఇళ్ల నుంచి మేం తెచ్చిన తెలివిని చదువుగా లెక్కించలేదు. అదే సమయంలో, మేం ఇంకేది చదువుతామన్నా నీ ఇంటి సంగతి నువ్వు చూసుకోమన్నారు. ముస్లిం అయితే గల్ఫ్, కాకపోతే కాశ్మీరు, అదీ కాకపోతే టెర్రరిజం. పక్క బెంచీలో రెడ్డిగారబ్బాయి జపాన్ తీసుకున్నాడు. నీకూ జపాన్‌కీ ఏం సంబంధమని వాణ్ణి ఎవరూ అడగలేదు. సంబంధం లేకుండా చదివే హక్కు కొందరికే ఉంటుందని అప్పుడు తెలిసింది.

చదువైపోయింది. ఇక ఉద్యోగం. ఈ చదువు చదివినవాళ్లందరికీ మొదట కనిపించేది విదేశాంగ సర్వీసు. అదో పెద్ద గుమ్మం, లోపల చిన్న గది. ఇంత పెద్ద దేశానికి ఆ సర్వీసు అధికారులు వెయ్యికి అటూ ఇటూ. సివిల్స్ రాసే లక్షల మందిలో ఏటా దానికి తీసుకునేది కొన్ని పదుల మందిని. రాతపరీక్షకి 1,750 మార్కులు, ఇంటర్వ్యూకి 275. మెయిన్స్ తెలుగులో రాయొచ్చు. కానీ దానికి ముందుండే ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులో, హిందీలోనే ఉంటుంది. రాజనీతిశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు కలిపి ఒక ఐచ్ఛికం ఉంది గనక మా చదువు కొంత అక్కరకొస్తుంది. కొంతే.

మేం ఎం.ఏ. ముగించిన ఏడాదే, 2006 నవంబరులో, సచార్ కమిటీ నివేదిక బయటికొచ్చింది. 2001 జనాభా లెక్కల్లో మనం నూటికి 13.4. ఐఏఎస్‌లో 3. ఐపీఎస్‌లో 4. విదేశాంగ సర్వీసులో 1.8. ఆ రాత్రి హాస్టల్ గదిలో ఆ చివరి అంకె చూస్తూ కూర్చున్నాం. బయట ప్రపంచానికి ఈ దేశం ముఖం చూపించే చోటే మనం అందరికంటే తక్కువున్నాం.

ఆ ఇరుకు గుమ్మం దాటినవాళ్లు లేకపోలేదు. హమీద్ అన్సారీ 1961లో ఆ సర్వీసులో చేరి, ఐక్యరాజ్యసమితిలో భారత శాశ్వత ప్రతినిధిగా చేసి, 2007 నుంచి పదేళ్లు ఉపరాష్ట్రపతిగా ఉన్నారు. మన హైదరాబాదు సయ్యద్ అక్బరుద్దీన్ 1985 బ్యాచి. జెడ్డాలో కాన్సల్ జనరల్‌గా హజ్ యాత్రికుల బాగోగులు చూశారు. తర్వాత విదేశాంగ శాఖ ప్రతినిధిగా రోజూ టీవీల్లో దేశం మాట చెప్పారు. 2016 నుంచి 2020 దాకా న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితిలో దేశం తరఫున నిలబడ్డారు. ఆయన్ని చూసినప్పుడల్లా మాకు ఛాతీ ఉప్పొంగింది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆయన తండ్రి ఉస్మానియాలో జర్నలిజం ఆచార్యులు, ఖతార్‌లో రాయబారిగా చేసినవారు. తల్లి ఇంగ్లీషు ఆచార్యురాలు. ఆయన ప్రతిభను తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. పరుపులు కుట్టే ఇంటి నుంచి, బీడీల చాట ముందు నుంచి ఆ గుమ్మానికి ఎంత దూరమో కొలవడానికి అంటున్నాం. ముస్లిం అనే ఒక్క మాట కింద మా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టడం కుదరదు. మనలోనూ కోటలున్నాయి, గుడిసెలున్నాయి.

అప్పట్లో జనరల్ వాళ్లకి నాలుగే ప్రయత్నాలు. రాయచోటి వాడు నాలుగూ రాశాడు. రెండుసార్లు మెయిన్స్ దాకా పోయాడు. దూదేకుల ఓబీసీ గనక గుంటూరు వాడికి ఏడు. మూడింటితో ఆపేశాడు. ఇంట్లో చెల్లెలి పెళ్లి. ఇంటర్వ్యూ గది మాలో ఎవరమూ చూడలేదు. కాబట్టి అక్కడ మనకి అన్యాయం జరుగుతుందో లేదో మా అనుభవంతో చెప్పలేం. గుమ్మం దాకా పోలేకపోవడం మాత్రం మా అనుభవమే.

సివిల్స్ కాకపోతే ఢిల్లీ. పరిశోధన సంస్థలు, పత్రికలు, ఐక్యరాజ్యసమితి శాఖలు అన్నీ అక్కడే. ఏ ప్రకటన చూసినా కింద ఒకటే వాక్యం: అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. అనుభవం కావాలంటే ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. ఇంటర్న్‌షిప్‌కి జీతం ఉండదు. జీతం లేకుండా ఢిల్లీలో ఆర్నెల్లు బతకగలిగేవాడికే అనుభవం వస్తుంది. ఇది మా ఒక్కరి బాధే కాదు. ఐక్యరాజ్యసమితి సచివాలయం ఇవాళ్టికీ ఇంటర్న్‌లకి జీతం ఇవ్వదు. 2015లో జెనీవాలో న్యూజిలాండ్ కుర్రాడొకడు అద్దె కట్టుకోలేక డేరా వేసుకుని ఇంటర్న్‌షిప్ చేస్తే ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. ఆ ఫోటో చూసి మేం నవ్వుకున్నాం. వాడు డేరా వేసుకోగలిగాడు. మావాడు ఢిల్లీలో డేరా వేసుంటే తెల్లారేసరికి ఎక్కడుండేవాడో!

రాయచోటి వాడు 2008లో ఢిల్లీ వెళ్లాడు. డబ్బు ఖాలాదే. ఆమె మళ్లీ కువైట్ పోయింది అప్పటికి. వాడికి అనుభవం రావడానికి ఆమె ఇంకో ఇంట్లో అంట్లు తోమింది. చేరింది ఒక పరిశోధన సంస్థలో. రూము కోసం పది ఇళ్లు తిరిగాడు. ఫోన్‌లో ఖాళీ ఉన్న రూము పేరు చెప్పగానే నిండిపోయేది. చివరికి ఓఖ్లా వైపు దొరికింది. సెప్టెంబరు 19న, రంజాన్ నెలలో, ఆ చుట్టుపక్కలే బాట్లా హౌస్ ఎన్‌కౌంటర్ జరిగింది. రెండు రోజులు వాడు గది దాటి రాలేదు. మూడో రోజు ఆఫీసుకి పోతే ఒక పెద్దాయన, "నువ్వుండేది అక్కడేనా?" అని అడిగాడు. అవునన్నాడు. ఆ వారం మధ్యలోనే వాడు రాస్తున్న ఆఫ్రికా ఓడరేవుల నోట్ పక్కన పెట్టించి, ముస్లిం యువతలో తీవ్రవాదం మీద రాయమన్నారు. "నువ్వయితే లోపలి నుంచి చెప్పగలవు." ఎవరి లోపల? ఏ లోపల? వాడు రాసిచ్చాడు. రాయకపోతే అనుభవ పత్రం రాదు. అచ్చయినప్పుడు వాడి పేరు లేదు. ఆ పత్రం ఇప్పటికీ వాడి ఫైలులో ఉంది. దాన్ని ఏ ఉద్యోగానికీ జతచేయలేదు.

నిజామాబాదు అమ్మాయికి ఢిల్లీ దాకా కూడా పోనివ్వలేదు. మార్కుల్లో మా ముగ్గురిలో ఆమే మొదలు. ఒక పెద్ద సంస్థ నుంచి పిలుపొచ్చింది. అన్నలు కుదరదన్నారు. "ఆడపిల్ల ఒంటరిగా, అదీ జీతం లేని పనికి" అన్నారు. బయటివాళ్ల అన్యాయం గురించి ఇంత రాస్తున్న మేం ఇది దాచకూడదు. ఆ రోజు వాళ్లింట్లో మాలో మగవాళ్లం ఇద్దరం కూర్చునే ఉన్నాం. చాయ్ తాగాం. ఒక్క మాట అనలేదు. ఆమె మమ్మల్ని క్షమించిందో లేదో మేం అడగలేదు. ఆమె కూడా ఈ పేజీల్లో మాతో కలిసి రాస్తోంది గనక, ఈ వాక్యం ఉండాల్సిందేనని పట్టుబట్టింది కూడా ఆమే.

మూడో దారి పంతులుగిరి. గుంటూరు వాడు పట్టింది అదే. నెట్ పాసయ్యాడు. పీహెచ్‌డీకి మౌలానా ఆజాద్ ఫెలోషిప్ దొరికింది. సచార్ నివేదిక తర్వాత, 2009లో, మైనారిటీ పరిశోధక విద్యార్థుల కోసం పెట్టింది అది. నెలనెలా అది రాబట్టే పత్తి మీద వాడి పరిశోధన పూర్తయింది. నాన్న మంచాన పడ్డప్పుడు మందులూ దానితోనే. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఆ ఫెలోషిప్ ఆపేస్తున్నట్టు పార్లమెంటులో చెప్పింది. ఇలాంటివి వేరే ఉన్నాయి గనక ఇది అక్కర్లేదని కారణం. విదేశీ చదువుల అప్పుకి వడ్డీ రాయితీ ఇచ్చే పఢో పరదేశ్ పథకం కూడా అప్పుడే పోయింది. నిచ్చెన ఎక్కినవాడు పైనుంచి చూస్తుండగా కింది మెట్లు ఊడదీశారు. మరి పైకెక్కినవాడికి దొరికిందేమిటి? డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరరు. గంటల లెక్కన జీతం. ప్రతి జూన్‌లో మళ్లీ పిలుస్తారా అన్న ఎదురుచూపు. మన డిగ్రీ కాలేజీల్లో అంతర్జాతీయ సంబంధాలంటే రాజనీతిశాస్త్రంలో ఒక పేపరు. ఆ ఒక్క పేపరూ వాడు ప్రాణం పెట్టి చెబుతాడు. బ్రెజిల్ పత్తి కేసు సిలబస్‌లో లేదు. అయినా చెబుతాడు.

ఢిల్లీ నుంచి తిరిగొచ్చిన రాయచోటి వాడు హైదరాబాదులో ఒక విదేశీ బ్యాంకు పనులు చేసే ఆఫీసులో చేరాడు. ఈ చదువుకి ఇలాంటి ఉద్యోగాలున్నాయని మాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. పని ఇది. దేశదేశాల మధ్య డబ్బు కదిలేటప్పుడు పంపేవాడి పేరు, అందుకునేవాడి పేరు ఆంక్షల జాబితాలతో పోల్చి చూడాలి. 1999 నాటి భద్రతా మండలి 1267వ తీర్మానం కింద పుట్టిన జాబితా ఒకటి, అమెరికా ఖజానా శాఖది ఒకటి, ఐరోపాది ఒకటి. పేరు కలిస్తే యంత్రం డబ్బు ఆపుతుంది. అప్పుడు మనిషి చూడాలి. పుట్టిన తేదీ, ఊరు, పాస్‌పోర్టు నంబరు సరిచూసి, వీడు వాడు కాదని తేలిస్తే డబ్బు కదులుతుంది.

ఏ పేర్లు ఆగుతాయో వేరే చెప్పాలా? మహమ్మద్. అహ్మద్. హుసేన్. అలీ. ఒక్కో పేరు ఇంగ్లీషులో పది రకాలుగా రాస్తారు, యంత్రం పదింటినీ పట్టుకుంటుంది. ఒకరోజు కువైట్ నుంచి కడప వైపు పోతున్న చిన్న మొత్తం ఆగింది. పేరు వాడి అబ్బాజాన్ పేరే. వేరే మనిషి. అయినా తెర మీద ఎర్రగా మెరుస్తున్న ఆ పేరు చూసి వాడి చెయ్యి కాసేపు కదల్లేదు. తర్వాత ఎప్పట్లాగే రాశాడు: పుట్టిన తేదీ వేరు, దేశం వేరు, సంబంధం లేదు. రోజుకి ఎనభైసార్లు 'సంబంధం లేదు' అని రాయడమే వాడి అంతర్జాతీయ సంబంధం.

అక్కడే ఒక మంచి కూడా జరిగింది. మన ఆంధ్రా ముస్లింల పేర్లలో షేక్, సయ్యద్, పఠాన్ అనేవి ఇంటిపేరులా ముందుంటాయి. పాస్‌పోర్టులో ఒకలా, బ్యాంకులో ఇంకొకలా పడతాయి. యంత్రం చివరి ముక్కని ఇంటిపేరనుకుని తప్పులో పడుతుంది. వాడు ఈ సంగతంతా నాలుగు పేజీలు రాసి పైవాళ్లకిచ్చాడు. వాళ్లు చదివారు. ఆ ఏడాది వాడికి ప్రమోషను వచ్చింది. ఆ నాలుగు పేజీలు కొత్తగా చేరేవాళ్లకి ఇప్పటికీ పాఠం. ఇంటి నుంచి తెచ్చుకున్న తెలివిని ఒక ఆఫీసు పనిగా లెక్కగట్టడం మా ముగ్గురి బతుకుల్లో అదే మొదటిసారి.

నిజామాబాదు అమ్మాయి పెళ్లయి, పిల్ల పుట్టాక, హైదరాబాదులో గల్ఫ్ కార్మికుల కోసం పనిచేసే ఒక చిన్న ఆఫీసులో చేరింది. మొదటి జీతం 4,000. వీసా కాగితం మీద వేలు పెట్టి చదివిన పిల్లే ఇప్పుడు రాయబార కార్యాలయాలకి ఉత్తరాలు రాస్తుంది. 1983 వలస చట్టం ప్రకారం పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. గల్ఫ్‌తో సహా 18 దేశాలకి పనికి పోవాలంటే వాళ్లకి అనుమతి కావాలి. ఆ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లకి ముప్పై ఏళ్లు నిండితేనే అనుమతి. రక్షణ కోసమే పెట్టారు. ఆకలి ముప్పై దాకా ఆగదు. ఏజెంటు విజిట్ వీసా చేతిలో పెట్టి పంపిస్తాడు. అలా పోయినామెకి చట్టం దృష్టిలో ఉద్యోగమే లేదు, ఇక జీతం ఎగ్గొట్టారని ఎవరి మీద ఫిర్యాదు? ఈ ముడి ఎక్కడ పడిందో తెలియాలంటే ఈ చదువు కావాలి. దాన్ని విప్పాలంటే ఖాలాల భాష కావాలి. ఆమెకి రెండూ ఉన్నాయి.

అక్కడ చనిపోయినవాళ్ల శవాలు తెప్పించడం ఆమె పనిలో పెద్ద భాగం. మరణ ధ్రువపత్రం, పోలీసు కాగితం, యజమాని ఉత్తరం, ఇంటివాళ్ల అంగీకారం, పాస్‌పోర్టు రద్దు, ఎంబసీ నిరభ్యంతర పత్రం. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా శవం అక్కడే మార్చురీలో ఉంటుంది. 2015లో విదేశాంగ శాఖ మదద్ అనే ఫిర్యాదుల వ్యవస్థ పెట్టాక కొంత సులువైంది. చాలా రాత్రులు ఆమె శంషాబాదు కార్గో గేటు దగ్గర నిలబడింది. పెట్టెలో వచ్చేవాళ్లలో ముస్లింలున్నారు, మాలలున్నారు, మాదిగలున్నారు, గౌండ్లవాళ్లున్నారు. కాగితాలందరికీ ఒకటే. ఆఫీసుకొచ్చిన ఒక ముసలమ్మ కొడుకు శవం కోసం ఏడుస్తూ, "నువ్వు సర్కారు మనిషివా బిడ్డా?" అని అడిగిందట. "కాదమ్మా" అంది ఈమె. ఆ రాత్రి మాకు ఫోన్ చేసి, "సర్కారు మనిషి చేయాల్సిన పనే కదా నేను చేస్తోంది" అంది. మేం జవాబు చెప్పలేకపోయాం.

ఇప్పుడు పిల్లలు అడిగిన ప్రశ్నకి వస్తాం. ఉద్యోగాలున్నాయి. కొన్నే ఉన్నాయి. మేం పడ్డ గుంటలు చెబుతాం, మీరు దాటండి. విదేశాంగ సర్వీసు ఒక్కటే గమ్యమనుకుని పదేళ్లు కాల్చుకోవద్దు. రాయండి, కానీ చేతిలో ఇంకో పని పెట్టుకుని రాయండి. ఒక పరాయి భాష పట్టండి. అరబ్బీయే కానక్కర్లేదు, చైనీసు, ఫ్రెంచి, పోర్చుగీసు ఏదైనా. జీతం లేని ఇంటర్న్‌షిప్‌ని గొప్పగా చూడొద్దు. 2022 నుంచి విదేశాంగ శాఖే తన ఇంటర్న్‌లకి నెలకి 10,000 రూపాయలూ, విమాన ఖర్చూ ఇచ్చే పద్ధతి పెట్టింది. వెనకబడిన జిల్లాల వాళ్లకి మొగ్గు కూడా ఉంది. ఐక్యరాజ్యసమితి వాలంటీర్లకి బతుకు భత్యం ఉంటుంది. ఇలాంటివి వెతకండి. ఆంక్షలు, వలస, వాణిజ్య నిబంధనలు, ఓడల బీమా లాంటి చోట్ల ఈ చదువుకి పనుంది. ఆ బల్లల దగ్గర మనవాళ్లు కూర్చోవాలి. లేకపోతే మన పేరు ఎర్రగా మెరిసినప్పుడు 'సంబంధం లేదు' అని రాసేవాళ్లు ఉండరు.

అమ్మాయిల అన్నలకి, అబ్బాజాన్‌లకి ఒక మాట. ఖాలాని ఒంటరిగా కువైట్ పంపినప్పుడు అడ్డురాని పరువు, బిడ్డని ఢిల్లీ పంపేటప్పుడు ఎందుకు అడ్డొస్తోంది?

ఇక రెండో ప్రశ్న. మనోళ్లకి ఇస్తారా? అడిగి తీసుకోవాలి బేటీ. గల్ఫ్ మీద నీకు తెలిసింది తక్కువ కాదు, అది అనుభవమేనని చెప్పి లెక్కలోకి ఎక్కించు. ఆ తర్వాత, నీకు ఇష్టమైతే జపాన్ చదువు. బ్రెజిల్ పత్తి చదువు. అంటార్కిటికా ఒప్పందం చదువు. నీకూ దానికీ ఏం సంబంధమని ఎవరైనా అడిగితే, ఈ దేశంలో మిగతా పిల్లలకి ఉన్న సంబంధమేనని చెప్పు. మన ఇంటి సంగతి మాట్లాడే హక్కూ కావాలి, మన ఇంటితో పనిలేని ప్రపంచం గురించి మాట్లాడే హక్కూ కావాలి. రెంటిలో ఏ ఒక్కటి ఇచ్చి రెండోది దాచుకున్నా అది మోసమే.

మొన్న మాలోని ఆపా దగ్గరికి ఒక పిల్ల దరఖాస్తు పట్టుకుని వచ్చింది. అందులో 'పని అనుభవం, ఎన్నేళ్లు?' అని ఒక గడి ఉంది. పిల్ల సున్నా వేసింది. "మీ ఇంట్లో ఎవరైనా అరబ్బులో ఉన్నారా?" అని అడిగింది ఆపా. నానీ పద్దెనిమిదేళ్లు కువైట్‌లో ఉందట. కాగితాలన్నీ ఈ పిల్లే చూస్తుందట, ఆరో తరగతి నుంచి.

ఆ సున్నా కొట్టేయించింది ఆపా. పక్కన ఏం రాయాలో ఇద్దరూ కూర్చుని చాలాసేపు ఆలోచించారు. ఆ చిన్న గడి చాల్లేదు. ఇంకో కాగితం జతచేశారు.